'అలోన్' పుట్టుపూర్వోత్తరాలు రాయడం ఎలా?

'అలోన్' అనే ఇంగ్లీషు క్రియావిశేషణం తెలియని విద్యార్థి తార్నాకలో ఉండడు. దాని పుట్టుక అడిగితే మాత్రం చాలామంది తడుముకోకుండా ఒకే జవాబు చెబుతారు: 'లోన్' ముందు 'అ' చేరి 'అలోన్' అయిందని. వినడానికి సబబుగానే ఉంటుంది. జరిగింది మాత్రం సరిగ్గా తలకిందులు. 'అలోన్' తల తెగి 'లోన్' పుట్టింది.

చెవికి సబబుగా తోచేదానికీ, ఆధారంతో నిలబడేదానికీ మధ్య ఉన్న ఈ తేడాను కనిపెట్టడానికి ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతిలో ఒక మాటకు ఒక పేజీ చరిత్ర తయారుచేయడం ఎవరైనా నేర్చుకోవచ్చు. అందుకు హైదరాబాదులో తార్నాక కంటే అనువైన చోటు లేదు. ఒకపక్క 1918లో పుట్టిన ఉస్మానియా. దాన్ని ఆనుకునే ఇఫ్లూ. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలై, 1972లో విదేశీ భాషలనూ కలుపుకొని సీఫెల్ అయి, ఆ తర్వాత కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన సంస్థ అది. ఇంగ్లీషు మాటను ఒక గోడకు ఇవతల, తెలుగు మాటను అవతల వెతకవచ్చు.

కావలసినవి: ఒక కట్ట తెల్ల చీటీలు, పెన్ను, ఇంగ్లీషుకు ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు, తెలుగుకు బ్రౌన్ నిఘంటువూ శబ్దరత్నాకరమూ, రెండింటినీ దాటి చూడటానికి బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు. చివరిదీ బ్రౌనూ చికాగో విశ్వవిద్యాలయం వారి డిజిటల్ నిఘంటువుల్లో ఉచితంగానే దొరుకుతాయి. తెలుగు నిఘంటువులను ఒకేచోట వెతకాలంటే ఆంధ్రభారతి ఉంది.

1. మాటకు హద్దులు గీయండి

ముందుగా ఏ మాట గురించి రాస్తున్నామో తేల్చుకోవాలి. 'అలోన్', 'లోన్లీ', 'ఓన్లీ', 'సోలోగా' అన్నీ ఒకే గుంపులా కనిపిస్తాయి. 'సోలో' లాటిన్ 'సోలుస్' నుంచి ఇటలీ మీదుగా వచ్చింది. దాన్ని ఇప్పుడే పక్కన పెట్టేయొచ్చు. 'లోన్లీ'లో దిగులు ఉంది, 'అలోన్'లో లేదు. గదిలో ఒక్కడే కూర్చుని హాయిగా చదువుకునేవాడు 'అలోన్'గా ఉన్నట్టు, 'లోన్లీ'గా ఉన్నట్టు కాదు.

వ్యాకరణం హద్దు కూడా గీయాలి. ఈ మాట నామవాచకం ముందు నిలబడదు. 'ఒంటరి మనిషి' అని తెలుగులో అన్నట్టు 'అలోన్ మ్యాన్' అంటే పరీక్షలో మార్కు పోతుంది. అక్కడ 'లోన్' కావాలి. ఎందుకిలా అన్న ప్రశ్నను ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి. జవాబు నాలుగో దశలో దొరుకుతుంది.

2. వాడుకలను చీటీలకెక్కించండి

ఒక చీటీకి ఒకే వాడుక. మాట, అది ఉన్న వాక్యం, పుస్తకం పేరు, ఏడాది. అంతకు మించి ఏమీ రాయొద్దు. మన అభిప్రాయం అసలే వద్దు.

ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తయారైంది ఈ పద్ధతిలోనే. సంపాదకుడు జేమ్స్ మర్రే 1879లో ఇంగ్లీషు చదివే ప్రజలందరికీ విజ్ఞప్తి చేస్తే, ఊరూపేరూ లేని పాఠకులు లక్షలాది చీటీలు పంపారు. తొలి భాగం 1884లో వెలువడింది. 'ఎ' నుంచి 'యాంట్' దాకా ఉన్న ఆ భాగంలోనే మన 'అలోన్' ఉంది. మొత్తం పని 1928కి గాని పూర్తికాలేదు.

ఉస్మానియాకూ ఈ చీటీల సంప్రదాయం ఉంది. 1962లో ఇక్కడ భాషాశాస్త్ర శాఖకు ఆచార్యుడిగా వచ్చిన భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో అదే ఏడాది మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వచ్చింది. అది వ్యవసాయ పదాల మీద. నాగలి పట్టే రైతును అడిగి రాసుకున్న మాటలవి. పుస్తకంలోంచి తీసినా, నోట్లోంచి తీసినా ఆధారం ఎక్కడిదో చెప్పగలగాలన్నదే రెండుచోట్లా నియమం.

'అలోన్' చీటీలు కొన్ని పోగయ్యాక అర్థాల వారీగా కుప్పలు పెట్టండి. నాలుగు కుప్పలు తప్పకుండా తేలతాయి. తోడు లేకుండా అనే అర్థం ఒకటి. అతనొక్కడే, ఇంకెవరూ కాదు అనేది రెండు. ఇతరుల సాయం లేకుండా అనేది మూడు. జోలికి వెళ్లకుండా వదిలెయ్యడం నాలుగు. చోటును బట్టి అర్థం మారుతుందని కూడా ఇక్కడే తెలుస్తుంది. 'హీ అలోన్ కేమ్' అంటే వచ్చినవాడు అతనొక్కడే. 'హీ కేమ్ అలోన్' అంటే తోడు లేకుండా వచ్చాడని. తెలుగులో 'అతనొక్కడే వచ్చాడు' అంటే రెండూ వస్తాయి.

3. తేదీల వరస పెట్టండి

ఇప్పుడు కుప్పలు చెరిపేసి అవే చీటీలను ఏడాది ప్రకారం పేర్చండి. పద చరిత్రలో సగం పని ఇక్కడే అయిపోతుంది, ఎందుకంటే తర్వాత పుట్టింది ముందు పుట్టినదానికి మూలం కాలేదు.

'అలోన్' కలిసిన మాటగా సుమారు 1300 నాటి రాతల్లో కనిపిస్తుంది. 'లోన్' 14వ శతాబ్దం చివరికి గాని రాదు. 'లోన్లీ' 1600 ప్రాంతంలో వచ్చింది. షేక్‌స్పియర్ నాటకం 'కొరియొలేనస్' దాని తొలి ఆధారాల్లో ఒకటి. అప్పటికి దాని అర్థం ఏకాంతంగా అనే. దిగులు అర్థం బలపడింది 19వ శతాబ్దం తొలినాళ్లలో. 'లోన్‌సమ్' 1640ల మాట.

వరస చూశారుగా. 'అ' చేరి 'అలోన్' అయిందన్న సిద్ధాంతం ఈ బల్ల మీదే కూలిపోయింది. తండ్రి అనుకున్నది దాదాపు వందేళ్ల తర్వాత పుట్టింది.

4. అతుకు ఎక్కడుందో పట్టుకోండి

పాత రాతప్రతుల్లో ఈ మాట రెండుగా విడివిడిగా ఉంటుంది. మొదటిది 'ఆల్', అంటే మొత్తం. రెండోది 'ఆన్', నేటి 'వన్'కు పాత రూపం. 'మొత్తంగా ఒక్కడే' అని భావం. జర్మన్‌లో 'అల్లైన్', డచ్‌లో 'అలేన్' కూడా ఇదే అతుకుతో ఉన్నాయి.

పాత ఇంగ్లీషులో 'ఆనా' అన్న మాట ఒక్కటే ఒంటరిగా అనే అర్థం ఇచ్చేది. 'ఆల్' అనేది బలం కోసం తగిలించినది. మనం 'ఒక్కగానొక్క' అన్నప్పుడు చేసే పని లాంటిదే. తమాషా ఏమిటంటే, కాలక్రమంలో ఆ బలం అరిగిపోయింది. 'అలోన్'లో 'ఆల్' ఉందని జనం మరిచిపోయి, మళ్లీ 'ఆల్ అలోన్' అనడం మొదలుపెట్టారు. అంటే 'ఆల్' రెండుసార్లు. 'నడి' అంటే మధ్యే అయినా 'నడిమధ్య' అంటున్నామే, అదీ ఇదీ ఒకే ఆలోచన.

ఆ తర్వాత జరిగింది తప్పు చోట కోత. 'ఆల్' ప్లస్ 'ఓన్' అని విరగాల్సిన మాటను జనం 'అ' ప్లస్ 'లోన్' అని విరిచారు. 'అ' ఇంగ్లీషులో ఎలాగూ 'ఒక' అనే అర్థంతో వస్తుంది కాబట్టి దాన్ని తీసేస్తే 'లోన్' మిగిలింది. ఇలా మొదటి అచ్చు జారిపోవడానికి ఇంగ్లీషులో 'అఫెసిస్' అని పేరు పెట్టింది కూడా మర్రేనే, 1880లో.

మొదటి అచ్చు చోటు తప్పడం తెలుగుకు కొత్త కాదు. తమిళంలో 'ఉరల్' మన 'రోలు'. వారి 'అవన్' మన 'వాడు', 'ఇవన్' మన 'వీడు'. ఇంగ్లీషులో అచ్చు రాలిపోయింది, తెలుగులో అది హల్లు వెనక్కి జరిగింది. అంత తేడా ఉన్నా, మాట మొదట్లో ఉన్నది శాశ్వతం కాదన్న సంగతి రెండుచోట్లా ఒకటే.

మొదటి దశలో రాసిపెట్టుకున్న ప్రశ్నకు జవాబు ఇప్పుడు చెప్పొచ్చు. 'అలోన్' పుట్టుకతో విశేషణం కాదు. 'అతను మొత్తంగా ఒక్కడు' అని వాక్యం చివర నిలిచిన మాటల జంట అది. అందుకే నేటికీ నామవాచకం ముందుకు రాదు. అక్కడికి రావడానికి దాని తెగిన ముక్క 'లోన్' పనికొచ్చింది.

5. ధ్వని లెక్క సరిపోయిందా చూడండి

అర్థం కుదిరితే చాలదు. ధ్వని కూడా నియమం ప్రకారం మారి ఉండాలి. పాత 'ఆన్' నేటి 'ఓన్' కావడానికి తోడు సాక్షులు కావాలి. ఉన్నారు: పాత 'స్టాన్' నేటి 'స్టోన్', 'బాన్' నేటి 'బోన్', 'హామ్' నేటి 'హోమ్'. ఒకే దీర్ఘం అన్నిచోట్లా ఒకే దారిలో నడిచింది. తెలుగు పాలు, పులి, పది కన్నడంలో హాలు, హులి, హత్తు అయినంత క్రమంగా నడిచింది. ఒక్క జంట కలిస్తే అది కాకతాళీయం కావచ్చు. వరస కలిస్తే నియమం.

మరి ఈ లెక్కన అంకె కూడా 'ఓన్' అని పలకాలి కదా, 'వన్' ఎలా అయింది? ఇంగ్లండు పడమటి జిల్లాల యాస దీనికి కారణం. అక్కడ మాట మొదట్లో 'వ' చేరింది. ఆ ప్రాంతం వాడైన టిండేల్ 16వ శతాబ్దంలో బైబిల్ అనువాదంలో అంకెను వకారంతోనూ రాశాడు. 18వ శతాబ్దానికి ఆ పలుకుబడే అందరిదీ అయింది. 'అలోన్' లోపల ఇరుక్కున్న 'ఓన్'కు మాత్రం ఈ కొత్త వేషం అంటలేదు. పాత పలుకుబడి అందులో అలాగే ఉండిపోయింది.

6. చుట్టాల జాబితా రాయండి

'ఆన్' పిల్లలను వెతికితే ఇంగ్లీషులో పెద్ద కుటుంబమే బయటపడుతుంది. 'యాన్', 'అ' అనే ఆర్టికల్స్ దాని నలిగిన రూపాలే. 'నన్' అంటే 'ఒక్కటీ కాదు'. 'ఎనీ', 'వన్స్' కూడా ఇంటివారే. 'ఎలెవెన్' అంటే పది పోగా ఒకటి మిగిలినది. 'అటోన్' అంటే ఒకటిగా ఉండటం, సయోధ్య.

హైదరాబాదువారికి దగ్గర చుట్టం 'ఓన్లీ'. 'ఒకటి లాంటి' అని దాని మొదటి అర్థం. మన నగరం దానికి కొత్త పని ఇచ్చింది. 'ఐ స్టే ఇన్ తార్నాక ఓన్లీ' అంటే 'తార్నాకలోనే ఉంటాను' అని. తెలుగు ఏకారం చేసే పనిని ఇంగ్లీషు వాక్యంలో 'ఓన్లీ' మోస్తోంది. ఉర్దూ 'హీ' కూడా వెనకనుంచి నెట్టింది. దీన్ని తప్పని కొట్టేసే ముందు చీటీ మీద రాసుకోండి. ఇదీ వాడుకే, ఇదీ ఆధారమే.

7. తెలుగు మాటలను అదే బల్ల మీదకు తెండి

'ఒక్కడివే వచ్చినవా?' అని అడిగే ఊళ్లో కూర్చుని 'అలోన్' చరిత్ర రాస్తూ ఒంటరినీ ఏకాకినీ వదిలేయలేం.

'ఒంటరి' విప్పడం తేలిక. పాత తెలుగులో 'ఒండు' అంటే ఒకటి. కన్నడంలో నేటికీ 'ఒందు', తమిళంలో 'ఒన్ఱు'. 'రెండు' విభక్తి ముందు 'రెంటి' అయినట్టు 'ఒండు' 'ఒంటి' అయింది. ఒంటిగంట, ఒంటిపూట బడులు, ఒంటికాలు అన్నీ అక్కడివే. దానికి నేర్పరి, టక్కరి మాటల్లో ఉన్న 'అరి' చేరితే ఒంటరి. అది మొదట మనిషిని చెప్పే మాట. 'గా' చేరాకే క్రియావిశేషణం.

ఇక్కడే విద్యార్థి ఎగిరి గంతేస్తాడు: 'ఒంటి'లో 'ఒన్' వినిపిస్తోంది, ఇంగ్లీషు 'వన్' కూడా అదే కదా! ఆగాలి. రెంటినీ వెనక్కి నడిపించి చూడాలి. ఇంగ్లీషు మాటకు పాత రూపం 'ఆన్', దానికి ముందు ఇండో-యూరోపియన్ మూలం 'ఓయ్‌నో'. లాటిన్ 'ఊనుస్' అందులోంచే వచ్చింది. తెలుగు వైపు వెనక్కి వెళితే తమిళ 'ఒరు' పలకరిస్తుంది. పండితులు ఊహించిన ద్రావిడ మూలం 'ఒర్'. ఓరుగల్లులో ఉన్నది ఈ మాటే. ఒకే రాయి అని అర్థం తీసి దాన్ని సంస్కృతంలో ఏకశిలానగరం అన్నారు. ఇవాళ దగ్గరగా వినిపించిన రెండు మాటలు వెనక్కి పోయేకొద్దీ దూరమయ్యాయి. అంటే చుట్టరికం లేదు.

'ఏకాకి' విషయంలో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతుంది. సంస్కృత 'ఏక'కూ ఇంగ్లీషు 'వన్'కూ ఇవాళ పోలికే లేదు. వెనక్కి వెళ్లండి. నేటి టర్కీలోని హత్తుసలో దొరికిన గుర్రాల శిక్షణ గ్రంథం క్రీస్తుపూర్వం 14వ శతాబ్దం నాటిది, కిక్కులి అనే మితాని రాజ్యపు గుర్రపు శిక్షకుడిది. అందులో ఒక్క చుట్టు తిప్పడానికి, సంస్కృతానికి దగ్గరి చుట్టమైన భాషలో, 'ఐకవర్తన' అని ఉంది. అంటే 'ఏక' ఒకప్పుడు 'ఐక'. దాని మూలం 'ఓయ్‌కో'. 'ఓయ్‌నో', 'ఓయ్‌కో' ఒకే ధాతువు మీద చేరిన రెండు ప్రత్యయాలు. వినడానికి ఏ పొంతనా లేని 'అలోన్', 'ఏకాకి' ఒక తాత మనవలని తేలింది.

ఈ వృత్తిలో పట్టుకోవాల్సిన కొలబద్ద ఇదొక్కటే: నిజమైన చుట్టాలు వెనక్కి వెళ్లేకొద్దీ దగ్గరవుతారు, పోలిక మాత్రమే ఉన్నవారు దూరమవుతారు. ద్రావిడ భాషలు సంస్కృతం నుంచి పుట్టలేదని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో చూపించాడు. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో, తెలుగు మాటలను కన్నడ, తమిళ మాటల పక్కన వరసగా పేర్చి చూపించాడు. కథలు చెప్పలేదు.

8. కట్టుకథలను వడగట్టండి

'ఒంటి నొప్పులు'లోని 'ఒంటి' వేరే మాట. అది ఒళ్ళు. 'ఇల్లు' 'ఇంటి' అయినట్టు 'ఒళ్ళు' 'ఒంటి' అయింది. దేహమే తోడుగా ఉన్నవాడు కాబట్టి ఒంటరి అని ఎవరైనా తత్వం చెబితే బాగానే ఉంటుంది, చరిత్ర మాత్రం కాదు.

ఊరి పేరుకీ ఇదే జల్లెడ. తార్ అంటే తీగ, నాకా అంటే తనిఖీ చోటు, నిజాం కాలంలో తీగ కంచె వేసి కాపలా పెట్టారు కాబట్టి తార్నాక అయిందని చెప్పుకుంటారు. రెండు మాటలూ ఉర్దూలో ఉన్నాయి, కాబట్టి అసంభవం కాదు. కానీ ఆ కంచెనూ నాకానూ చూపించే ఆనాటి పటమో దస్తావేజో తేదీతో చేతికి రావాలి. వచ్చేదాకా ఆ చీటీ మీద 'చెప్పుకుంటారు' అనే రాయాలి.

9. టిప్పణి రాయండి

చివరికి చీటీలన్నీ పక్కనపెట్టి కొద్ది వాక్యాల్లో కుదించాలి. ఇన్ని దశలూ దాటాక మన 'అలోన్' ఇలా తయారవుతుంది:

*అలోన్. క్రియావిశేషణం, వాక్యాంత విశేషణం. 1. తోడు లేకుండా. 2. ఒక్కడే, ఒక్కటే. 3. సాయం లేకుండా. 4. జోలికి వెళ్లకుండా. కలిసిన మాటగా సుమారు 1300 నుంచి. పాత ఇంగ్లీషు 'ఆల్' (మొత్తం), 'ఆన్' (ఒకటి) కలిసినది. జర్మన్ 'అల్లైన్', డచ్ 'అలేన్' పోల్చండి. 'ఒకటి'కి పాత పలుకుబడిని నిలుపుకుంది. తప్పు విరుపు వల్ల 'లోన్', దానినుంచి 'లోన్లీ' పుట్టాయి. సంస్కృత 'ఏక'తో దూరపు చుట్టరికం. తెలుగు 'ఒంటరి'తో లేదు.*

ఇందులో ఏ వాక్యాన్ని ఎవరు ప్రశ్నించినా ఒక చీటీ తీసి చూపించగలగాలి. చూపించలేని వాక్యం ఎంత అందంగా ఉన్నా కొట్టేయండి.

ఇంగ్లీషుకు ఈ పని చేసిపెట్టడానికి మర్రే బృందానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. తెలుగులో ప్రతి మాటకూ తొలి ఆధారం, ఏడాది చూపించే అంతటి చారిత్రక నిఘంటువు మనకింకా లేదు. శాసనాలున్నాయి, కావ్యాలున్నాయి, పాత పత్రికలున్నాయి, ఊళ్లలో మాట్లాడే మనుషులున్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్లు వాడి, మీరు వాడని మాట ఒకటి ఎంచుకోండి. ఎవరు, ఏ ఊళ్లో, ఏ సందర్భంలో అన్నారో తేదీ వేసి ఈరోజే ఒక చీటీ రాయండి.